సార్వభౌమత్వం ఎవరిది? హైదరాబాద్ సంస్థానంలో ఉద్వేగం, జాతిభావన

బ్రిటిష్ ఆధిపత్యం తొలగిపోగానే హైదరాబాద్ స్వతంత్ర రాజ్యమవుతుందని 1947 జూన్‌లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువరించాడు. చట్టరీత్యా ఈ వాదం పూర్తిగా నిరాధారం కాదు. భారత స్వాతంత్ర్య చట్టంలోని 7వ సెక్షన్ సంస్థానాలపై బ్రిటిష్ రాజరికపు ఆధిపత్యాన్ని రద్దు చేసింది. అయితే కాగితం మీది సార్వభౌమత్వం కోసం మనుషులు ప్రాణాలివ్వరు, తీయరు. అందుకు ఉద్వేగం కావాలి.

ఆ ఉద్వేగాన్ని 'అనల్ మాలిక్' (నేనే ప్రభువును) అన్న సిద్ధాంతం అందించింది. బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ప్రచారం చేసిన ఈ భావన ప్రకారం సార్వభౌమత్వం ముస్లిం సముదాయానిది. నిజాం దానికి ప్రతీక. అధికారాన్ని రాజు నుంచి జనానికి మళ్లించినట్లు పైకి కనిపించే ఈ వాదంలో సంస్థాన జనాభాలోని అత్యధికులు 'జనం' కాకుండా పోయారు. పూట గడవని ముస్లింకు సైతం అది పాలకుడినన్న గర్వాన్నిచ్చింది, భూమిని మాత్రం ఇవ్వలేదు.

తెలుగువారి ఉద్వేగం అవమానంలో పుట్టింది. 1921లో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆంధ్ర జనసంఘం ఆ గాయం నుంచే వచ్చింది. అవమానపడినంత మాత్రాన ఒక సముదాయానికి నైతికాధికారం సిద్ధించదు. ఆంధ్ర మహాసభ వెట్టినీ భూమినీ ప్రశ్నించిన తరువాతే ఆ ఉద్వేగం భాష హద్దు దాటింది. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన బందగీ ముస్లిం రైతు, దేశ్‌ముఖ్ హిందువు. 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ భారతదేశంలో విలీనాన్ని కోరిన ముస్లిం. జాతివాద వ్యాఖ్యానాలకు ఇలాంటి పేర్లు ఎప్పుడూ ఇబ్బందికరమే.

చిట్యాల పక్కనున్న గుండ్రాంపల్లికి సార్వభౌమత్వం ఫర్మానాగా రాలేదు. రజాకార్లు చంపి బావిలో పడవేసిన గ్రామస్థుల రూపంలో వచ్చింది. ఆ స్మృతి న్యాయమైనదే. కాని సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనిక చర్య తరువాత, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో, ముస్లింలపై ప్రతీకారం సాగింది. పండిట్ సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000గా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. ఇక్కడా మనిషిని అతడు చేసిన పనిని బట్టి కాక, పుట్టిన సముదాయాన్ని బట్టే శత్రువుగా గుర్తించారు. 'అనల్ మాలిక్' తర్కం ఓడిన పక్షంతోనే అంతరించలేదు.

2022లో సెప్టెంబరు 17ను కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగా, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా హైదరాబాద్‌లోనే వేరువేరు వేదికలపై జరిపాయి. విలీనం, విద్రోహం అన్న మాటలు అప్పటికే వాడుకలో ఉన్నాయి. పేరుపై ఇంత పట్టుదల ఉన్నా, గుండ్రాంపల్లి మృతులనూ సుందర్‌లాల్ లెక్కలోని మృతులనూ కలిపి స్మరించే పేరు వీటిలో లేదు.