జలపాతంలో నిలిచేదేది?

జలపాతంలో నీరు పోతుంటుంది, రాయి నిలిచి ఉంటుంది. పాపికొండల్లో గోదావరి కుడి ఒడ్డున, పేరంటపల్లి శివాలయం పక్కన దూకే సెలయేటిని కార్తికమాసపు ఎండలో చూస్తే ఇదే తోస్తుంది. వానలు వెనకబట్టి నీరు తేటపడ్డాక బండ అంచులన్నీ బయటపడతాయి. నిత్యానిత్యాల చర్చకు ఇంతకన్నా సులువైన ఉదాహరణ లేదు. కాస్త తప్పుడు ఉదాహరణ కూడా.

ఆ కొండల్లో విరివిగా ఉన్న శిల ఖొండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన పేరది. ఒకనాడు నీటి అడుగున పేరుకున్న బంకమన్నూ ఇసుకా భూగర్భంలోకి దిగి, వేడికీ ఒత్తిడికీ రూపు మారి ఈ రాయి అయ్యాయి. అదంతా జరిగి వంద కోట్ల ఏళ్లు దాటి ఉంటుంది. ఇప్పుడు నీరు దాన్ని మళ్లీ విప్పుతోంది. రాతిలోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్నవుతుంది. క్వార్ట్జ్ పలుకులూ ఎర్రటి గార్నెట్ గింజలూ ఇసుకలో కలుస్తాయి. పగుళ్ల వెంట బండ ఊడిన కొద్దీ జలపాతం వెనక్కి జరుగుతుంది. ఎగువనుంచి వచ్చే ఒండ్రుతో పాటు ఆ మన్నునూ మోసుకొచ్చి గోదావరి డెల్టాను పరిచింది. తాడేపల్లిగూడెం దిగువన వరి పండేది ఆ నేలలోనే. కృష్ణా, గోదావరి డెల్టాలు చెరోవైపు పెరగగా నడుమ మిగిలిన పల్లం కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు తెచ్చే మట్టితో అదీ మెరకవుతోంది.

కాబట్టి రాయీ ప్రవాహమే. బౌద్ధులు ఎప్పటినుంచో అంటున్నదీ ఇదే. ఏలూరుకు ఉత్తరాన గుంటుపల్లిలో క్రీస్తుకు పూర్వమే భిక్షువులు గుహలు తొలిచింది మెత్తని ఇసుకరాతిలో. అనిత్యత బోధించినవారు రాతిని ఆశ్రయించడం చిత్రమే. అక్కడి గుండ్రటి చైత్యంలోని స్తూపం తరవాత ధర్మలింగేశ్వరుడై పూజలందుకుంది. అయితే భూగర్భశాస్త్రం రుజువు చేసేది అనిత్యతనే కాని క్షణికవాదాన్ని కాదు. రాయి మెల్లగా మారుతుందని తేలినంతమాత్రాన క్షణానికో కొత్త రాయి పుడుతుందని తేలదు.

కొండ కరిగినా అద్వైతికి నష్టం లేదు. అతని లెక్కలో కొండా ఏరూ రెండూ దృశ్యాలే. నిత్యమైనది చూసే సాక్షి. నిన్న చూసినవాడూ నేడు తలచుకునేవాడూ ఒకడే కాకపోతే జ్ఞాపకమే కుదరదని శంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో క్షణికవాదాన్ని ఖండించారు. బౌద్ధుల సమాధానం వేరు: ఒక జ్ఞానక్షణం తన సంస్కారాన్ని తరవాతి క్షణానికి అప్పగిస్తే చాలు, జ్ఞాపకానికి వేరే యజమాని అక్కర్లేదు.