ఆగుటయు సేవయే

ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండలలో గొఱ్ఱెలను తోలు కుక్కలను బోర్డర్ కాలీలందురు. 1893లో నార్తంబర్లండులో పుట్టిన ఓల్డ్ హెంప్ అను కుక్క ఈ జాతికి మూలముగా ఎంచబడుచున్నది. పని లేనియెడల ఇవి ఊరకుండలేవు. కోళ్లను, బండ్లను, పిల్లలను సైతము తరుముచుండును. అట్టి కుక్కను గొలుసుతో కట్టివేయుటయేనా మార్గము? కాదు. తెలిసిన కాపరి ముందుగా దానికి “పండుకో” అను మాట నేర్పును. పిమ్మట దినదినము పని యిచ్చును. పరుగు దానికి పుట్టుకతో వచ్చినదే. మంద యెదుట నుండగా ఒక్క మాటకు ఆగుటయే అది నేర్వవలసినది. ఆగని కుక్క మందను చెదరగొట్టును.

అయితే ఆసక్తి మంచిదా, చెడ్డదా? పేతురు ఆసక్తితోనే కత్తి దూసెను (యోహాను 18:10). ప్రభువు ఆ కత్తిని ఒరలో పెట్టుమనెను గాని పేతురును త్రోసివేయలేదు. తరువాత తన గొఱ్ఱెలనే అతనికి అప్పగించెను (యోహాను 21:15-17). ఆసక్తిని చంపలేదు, ఆపెను, పిమ్మట పని యిచ్చెను.

సంఘపు పెద్దలారా, ఉడుకు రక్తపు యౌవనులను గద్దించితిరి సరే, వారికి పని యిచ్చితిరా? యౌవనులారా, పని దొరికినప్పుడు పరుగెత్తుదురు సరే, ప్రభువు ఆగుమనినప్పుడు ఆగుదురా?