మళ్ళీనా?

2023 ఏప్రిల్‌లో తిరువూరు బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చుని, మా బాబాయి కొడుక్కి నిరుద్యోగ భృతి అప్లికేషన్ పెట్టబోయాను. గోదాములో ఏడాది కాంట్రాక్టని చేర్చుకుని, ఎనిమిదో నెలలోనే రావద్దన్నారు వాణ్ణి.

"కరోనాలో ఒకసారి ఇచ్చారుగా అన్నయ్యా. మళ్ళీ అడిగితే బాగోదేమో," అన్నాడు.

నిబంధనలు చదివితే తెలిసింది, బాగోకపోవడం కాదు, అసలు కుదరదని. ఈఎస్ఐ కింద అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది. 2018 జులైలో మొదలైంది. ఉద్యోగం పోయిన కార్మికుడికి సగటు రోజు సంపాదనలో 25 శాతం ఇచ్చేవాళ్ళు, 2020లో దాన్ని 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులు. అదీ జీవితంలో ఒక్కసారే. వాడి 90 రోజులూ లాక్‌డౌన్‌లోనే అయిపోయాయి.

నిబంధన సంగతి తర్వాత. ఉద్యోగం పోయిందని వాడు ఫోన్ చేసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట కూడా "మళ్ళీనా?" అనే. మొదటిసారి పోతే దురదృష్టం, రెండోసారి పోతే మనిషిలోనే ఏదో లోపం ఉందనే లెక్క నాలోనూ ఉందన్నమాట. కాంట్రాక్టు మీద కాంట్రాక్టు చేసుకుంటూ బతికేవాడికి ఉద్యోగం పోవడం అప్పుడప్పుడూ వచ్చే ఆపద కాదు, ఆ ఉద్యోగం తీరే అంత.

అదే ఈఎస్ఐలో జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా, జీతంలో 70 శాతం చొప్పున ఇస్తారు. ఒక్కసారితో అయిపోదు, ఏటా ఉంటుంది. రెండోసారి టైఫాయిడ్ వచ్చినవాణ్ణి మళ్ళీనా అని ఎవరూ నిలదీయరు. జబ్బుకి డాక్టర్ సంతకం ఉంటుంది, ఉద్యోగం పోవడంలో నిజమెంతో ఎలా తేలుతుంది అంటారా? తీసేసిన యజమాని రికార్డు ఉంటుంది కదా.

అసలు చిక్కు వేరే ఉంది. ఎన్నిసార్లయినా ఇస్తామంటే కాంట్రాక్టర్లు ఏటా మూడు నెలలు మనుషుల్ని బయట కూర్చోబెట్టి, ఆ భారం బీమా నిధి మీదకి తోసేస్తారు. ఇది ఉత్తి భయమని కొట్టిపారేయలేను, మనవాళ్ళ తెలివి నాకు తెలుసు. కానీ దానికి శిక్ష కార్మికుడికి వెయ్యడమెందుకు? అమెరికాలో తరచూ మనుషుల్ని తీసేసే కంపెనీకి నిరుద్యోగ బీమా పన్ను పెరుగుతుంది. మళ్ళీనా అన్న ప్రశ్న అక్కడ కంపెనీని అడుగుతారు. (అక్కడి పద్ధతులన్నీ గొప్పవని కాదు, ఈ ఒక్కటి మాత్రం సరిగ్గా ఆలోచించారు.)

రెండో ఉద్యోగంలోనూ వాడి జీతంలోంచి 0.75 శాతం కోశారు. పన్నెండు వేలకి తొంభై రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం. ఆ డబ్బుతో ఆసుపత్రి హక్కు నిలిచింది కాబట్టి అంతా వృథా అనను. కానీ ఉద్యోగం పోతే ఆదుకుంటామన్న మాట మాత్రం, కొత్తగా ఎంత చందా కట్టినా, వాడికిక లేదు.

ఇక నా సంగతి. ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరికేదాకా మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం బెంచ్ మీద ఉంటాం. నేను రెండుసార్లున్నాను, రెండోసారి దాదాపు మూడు నెలలు. జీతం పూర్తిగా పడింది. సిగ్గనిపించలేదు, వెబ్ సీరీస్ చూశాను. బెంచ్ జీవితంలో ఒక్కసారే అని ఎవరైనా అంటే మేమంతా ఎంత గోల చేసేవాళ్ళమో! వాడు అనుభవించినదానికి భృతి అని పేరు, నాదానికి జీతమని. ఆ పేరులోనే నా సిగ్గు మాయమైపోయింది.

స్క్రీన్ మీద నిబంధన చూపించి, కుదరదురా అని చెప్పాను. "నేనన్నానుగా," అన్నాడు. తన మొహమాటమే న్యాయమని తేలినట్టు అన్నాడా మాట. కాదురా, నువ్వు అడగడంలో తప్పు లేదు అని ఏదో చెప్పబోయాను గానీ, వాడప్పటికే లేచాడు. నెట్ సెంటర్ అబ్బాయికి ముప్పై రూపాయలు వాడే ఇచ్చాడు, నన్ను ఇవ్వనివ్వలేదు. రేపట్నుంచి మామిడికాయల లోడింగ్‌కి వెళ్తున్నానని చెప్పి బండి తీశాడు.