రాత్రి పనివాళ్లకు అందిన కబురు

లూకా సువార్త ప్రకారం యేసు పుట్టాడన్న కబురు మొదట అందింది రాత్రి పనిలో ఉన్నవాళ్లకు. బేత్లెహేము పొలాల్లో మేలుకొని మందను కాస్తున్న గొర్రెల కాపరులు వాళ్లు. యెరూషలేము దేవాలయం అక్కడికి దగ్గర్లోనే ఉంది, హేరోదు కొలువూ ఉంది. ఆ కబురుతో దూత వెళ్లింది మాత్రం పొలాలకే. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసి డిసెంబరు చలిలో ఇల్లు చేరే విశ్వాసికి ఈ ఒక్క వివరం చాలా దగ్గరిది.

కథ మొదలయ్యేది ప్రభుత్వ ఉత్తర్వుతో. రోమా చక్రవర్తి ఔగుస్తు ప్రజాసంఖ్య రాయించమన్నాడు. యోసేపు, నిండు చూలాలైన మరియ నజరేతు వదిలి బేత్లెహేముకు రావలసి వచ్చింది. అక్కడ సత్రంలో చోటు లేదని తెలుగు బైబిలు చెబుతుంది. గ్రీకు మూలంలో ఉన్న మాట ‘కటాలుమా’. ఇంటికి వచ్చిన చుట్టాలు దిగే గదికి కూడా ఆ మాట వాడతారు. యేసు శిష్యులతో చివరి పస్కా భోజనం చేసిన గదికీ లూకా అదే మాట వాడాడు. క్రిస్మస్ నాటకాల్లో తలుపు వేసేసే సత్రం యజమాని సువార్తలో ఎక్కడా లేడు. కిక్కిరిసిన ఇంట్లో కాన్పుకు చోటు లేక, బిడ్డను పశువులు మేత తినే తొట్టిలో పడుకోబెట్టారని చాలామంది పండితుల అభిప్రాయం. ఇస్నాపూర్, ముత్తంగి వైపు ఒక్కో అద్దె గదిలో నలుగురైదుగురు సర్దుకునే బీహారు, ఒడిశా కార్మికులకు ఆ ఇరుకు కొత్త కాదు.

తొట్టిలో పడుకున్నది ఎవరన్నదే క్రైస్తవ విశ్వాసానికి ఆయువుపట్టు. దేవుని వాక్యమే శరీరధారి అయిందని యోహాను రాశాడు. 325లో నీకయలో కూడిన సభ, యేసు సృష్టిలో ఒకడు కాడని, తండ్రితో ఒకే తత్వం గలవాడని తేల్చి చెప్పింది. అంటే మనుషులకు సాయంగా దేవుడు మరెవరినో పంపలేదు, తానే వచ్చాడు. ఆకలి, అలసట, వడ్రంగి చెయ్యి, చివరికి చావు, అన్నీ దేవుడు తనవి చేసుకున్నాడని ఈ విశ్వాసం. ‘ఇమ్మానుయేలు’ అన్న పేరుకు అర్థం దేవుడు మనతో ఉన్నాడని. లూకా ఇంకో చిన్న సంగతి రాశాడు. శుద్ధి దినాలు తీరాక మరియ యోసేపులు దేవాలయానికి వెళ్లినప్పుడు ధర్మశాస్త్రం చెప్పిన పక్షుల బలిని ప్రస్తావించాడు. గొర్రెపిల్లను తేలేని పేదలకు ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. ఆ ఇంటి ఆర్థిక స్థితిని చెప్పడానికి ఆ జత పక్షులు చాలు.

సంగారెడ్డి ప్రాంతపు క్రైస్తవానికి పెద్ద గుర్తు మెదక్ చర్చి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో మొదలై, కరువు రోజుల్లో కూలీలకు తిండి పెడుతూ లేచిన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠ జరుపుకుంది. లోపల రంగుటద్దాల కిటికీల్లో ఒకటి క్రీస్తు జననానిది. బయట వెలుగు ఉన్నంతసేపే ఆ బొమ్మ లోపలివాళ్లకు కనిపిస్తుంది. పొద్దుగూకితే ఎరుపూ నీలమూ ఆరిపోయి, అద్దం నల్లటి పలకలా మిగులుతుంది. మిషన్ మాట విన్నవాళ్లలో ఎక్కువమంది ఊరి బయట మాల, మాదిగ వాడల వాళ్లు. దేవుడే చోటు దొరకని చోట పుట్టాడన్న మాట వాళ్లకు సిద్ధాంతంగా కాక కబురుగానే చేరి ఉంటుంది.

ఈ పండుగలో దుఃఖానికీ చోటుంది, దాన్ని దాచడం తప్పు. మత్తయి సువార్తలో నక్షత్రం వెంటనే హేరోదు కత్తి వస్తుంది. యోసేపు కుటుంబం రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోతుంది, బేత్లెహేము పసిపిల్లలు చనిపోతారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. వాళ్లలో చాలామంది బతుకుదెరువుకు పరాయి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనలో ‘దేవుడు మనతో’ అన్న మాట పలకడం తేలిక కాదు. అయినా ఆ మాట పుట్టింది ఏడుపు వినిపించే ఊళ్లోనే.

వ్యక్తిగతంగా ఈ పుట్టుక అడిగేది ఏమిటన్నది పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖలో ఉంది. దేవునితో సమానమైన స్థానాన్ని పట్టుకు వేలాడక తన్ను తాను తగ్గించుకున్న క్రీస్తు మనసే విశ్వాసులూ కలిగి ఉండాలంటాడు. డిసెంబరులో ఇంటి ముందు నక్షత్రం కట్టి, వరిగడ్డి పరిచి, పశువుల పాకలో బొమ్మ బిడ్డను పడుకోబెడతారు. అలా పేర్చి చూపే ఆచారానికి 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ అస్సీసీ చేసిన ఏర్పాటు పెద్ద ఊతమైంది. ఆ గడ్డి చేతికి గరుకుగా తగులుతుంది. దాని మీద పట్టుగుడ్డ పరిస్తే కథ తీరే మారిపోతుంది.

కాపరులు బిడ్డను చూశారు, విన్నది పదిమందికీ చెప్పారు. మరియ ఆ మాటలన్నీ మనసులో దాచుకుని తలపోసుకుంది. కాపరులు దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి వెళ్లారని లూకా రాశాడు. వాళ్ల పేర్లు రాయలేదు. తర్వాతి అధ్యాయాల్లో ఎక్కడా వాళ్లు మళ్లీ కనిపించరు. మంద పొలంలోనే ఉంది, తెల్లారేదాకా కావలి వాళ్లదే.