ఎవని గోడ వాడే కట్టుకొనవలెనా?



మన యింటి పని మన చేతులతోనే చేసికొనుట మంచిదని నేను అనేక పర్యాయములు బోధించితిని. పౌలు అపొస్తలుడు డేరాలు కుట్టి జీవించెను (అపొ. కా. 18:3). మన ప్రభువును జనులు వడ్లవానిగా ఎరిగియుండిరి (మార్కు 6:3). ఇందులో సందేహమునకు తావు లేదని తలంచితిని. కాని ఒక గోడ నాకు సందేహము పుట్టించినది.

గత వేసవిలో మా యింటి వెనుక వంటపాక కూలగా, దానిని నేనే మరల కట్టితిని. మన్ను తెచ్చి, గడ్డి కలిపి, నానబెట్టి త్రొక్కితిని. ఒక వరుస ఆరిన పిమ్మటనే మరియొక వరుస పెట్టితిని. పచ్చిగోడపై బరువు వేసిన కూలును గదా! పాక నిలిచినది, కూలి డబ్బులు మిగిలినవి. ఆ ఆదివారము చేతికష్టమును గూర్చియే ప్రసంగించితిని. ఆరాధన ముగిసిన తరువాత మన సంఘములోని మేస్త్రి వచ్చి ఆ గోడను తడిమి చూచెను. “గోడ నిలబడింది అయ్యగారూ. ఈ ఎండాకాలం మాకు మాత్రం ఒక్క పనీ తగల్లేదు” అనెను. ఆ మాటలో నింద లేదు. అందుచేతనే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరువాత జనవరి నెలలో సంఘపు పనిమీద హైదరాబాదు వెళ్లి, ఆబిడ్సులో ఒక విశ్వాసి గృహమున బస చేసితిని. ఆ సందులో జానెడు మట్టినేల లేదు. అయినను ఆ తల్లి పాత రంగుడబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి, ఎఱ్ఱమన్ను, చివికిన పశువుల ఎరువు, కొంత ఇసుక కలిపి నింపి, మిద్దెపై తోటకూర, గోంగూర, బచ్చలి పెంచుచున్నది. బియ్యము కడిగిన నీళ్లు వాటికి పోయును. విత్తిన నెల దినములకు తోటకూర కోతకు వచ్చునట. ఆ రాత్రి దానితోనే పులుసు పెట్టినది. వంకాయలు మాత్రము గంపతో వచ్చు ఒక అవ్వయొద్ద కొనుచున్నది. “వంగమొక్కలు కూడ పెంచవచ్చును గదమ్మా” అంటిని. “పెంచవచ్చు అయ్యగారూ. అన్నీ నేనే పండించుకుంటే అవ్వ మా గుమ్మం ఎందుకెక్కుతుంది?” అనెను.

మరునాడు అందరము నాంపల్లి నుమాయిషుకు నడచి వెళ్లితిమి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు దీనిని పబ్లిక్ గార్డెన్సులో ఆరంభించిరి. 1946లో ఇప్పటి మైదానమునకు మారినది. నాటి హైదరాబాదు సంస్థానములో తయారగు వస్తువులను జనులకు చూపుటయే దాని మొదటి ఉద్దేశము. స్వంత చేతులనగా నా రెండు చేతులు మాత్రమే కావనియు, నా పొరుగువాని చేతులును అందులో చేరుననియు నాకు అక్కడ తోచెను.

బబులోనులో చెరనున్నవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరమును చదువుడి (29:5–7). ఇల్లు, తోట, దాని ఫలము ముందు వచ్చును. వాటి తరువాత ఆ పట్టణపు క్షేమము వచ్చును. పౌలు సహితము ఒకే అధ్యాయములో రెండు సంగతులు చెప్పెను: ఒకరి భారము ఒకరు మోయవలెను, ఎవని బరువు వాడును మోయవలెను (గలతీ. 6:2, 5). కూలివాని కూలి బిగబట్టుట పాపమని ధర్మశాస్త్రము తెలుపుచున్నది (ద్వితీ. 24:14–15). నేను ఎవని కూలియు బిగబట్టలేదు. అయినను నా మనస్సును శోధించి చూడగా, ఆ గోడ కట్టినది నా కష్టము మాత్రమే కాదు, కొంత నా లోభమును, కొంత నా గొప్పయును.

కావున ప్రియులారా, సోమరితనముచేత ఇతరులకు వదలిన పనిని మనము చేసికొందము. లోభముచేత ఇతరులకు ఇయ్యని పనిని వారికి ఇత్తము. చేత పైకము లేనివాడు తన గోడ తానే కట్టుకొనుట తప్పు కాదు. అట్టివాని గోడకు మనమందరము పోయి మన్ను త్రొక్కవలెను.

మొన్న మా పెరటిగోడ పని వచ్చినప్పుడు మేస్త్రిని పిలిచితిని. ఆయన గోడ పెట్టెను, నేను మన్ను అందించితిని. సాయంకాలము కూలి చేతికిచ్చిన పిమ్మట ఆయన నవ్వి, నా వంటపాక గోడ ఒక ప్రక్కకు వంగియున్నదని చెప్పెను. దానిని ఇద్దరము కలిసి సరిచేయబోవుచున్నాము.

మన చేతుల పనిని ప్రభువు స్థిరపరచును గాక. ఆమేన్.