ఇసుక చుట్టూ రాళ్లు



కువైట్ నగరపు అఖాతంలో 'గ్రీన్ ఐలాండ్' అనే దీవి ఉన్నది. సృష్టికర్త మూడవ దినమున వేరుచేసిన నేల కాదది. మనుష్యులు సముద్రాన్ని పూడ్చి, 1988లో తెరిచినది. రాజంపేట, రాయచోటి వైపు నుండి వెళ్లినవారికి ఆ తీరం పరిచయమే.

సముద్రంలో ఊరకే ఇసుక పోస్తే అల లాగుకొనిపోతుంది. కనుక ఇటువంటి దీవికి చుట్టూ బండరాళ్లు పేర్చి గట్టు కడతారు. మత్తయి 7వ అధ్యాయంలో ప్రభువు నిందించినది ఇసుకను కాదు, తన మాట విని ఆచరించనివానిని.

కువైట్ సొమ్ముతో మన పల్లెలలో మిద్దెలు లేచాయి. మంచిదే. ఎవరి ఇంటనో వంటచేసి, ఎవరి బిడ్డనో లాలించి ఒక తల్లి పంపిన దీనారాలవి. ఆమె సొంత బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతున్నాడు. వానిచేత సాయంత్రం జపమాల చెప్పించేది ఎవరు? ఆ డబ్బు బడి ఫీజుకు పోతున్నదా, బ్రాందీ షాపుకా? భర్తలారా, మిమ్మునే అడుగుతున్నాను.

తిరుకుటుంబం కూడ ఐగుప్తుకు వలసపోయినది, కాని ముగ్గురూ కలిసి పోయారు. కువైట్‌లోని కతీడ్రల్‌కు తిరుకుటుంబం పేరే. శుక్రవారం సెలవు దొరికితే (అందరికీ దొరకదు) ఆమె అక్కడ మోకరించి తలచుకొనేది మిమ్ములనే. ఈసారి ఫోను వచ్చినప్పుడు డబ్బు సంగతి తరువాత, ముందు బిడ్డచేత మాట్లాడించండి.