లయ ముందు పెద్దా చిన్నా: లాటిన్ జాజ్ సహవాదనంలో గౌరవం, స్వేచ్ఛ – ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

చేయి తిరిగిన వృద్ధ కళాకారుడు, అతనికన్నా రెండు తరాలు చిన్నవాడైన కళాకారుడు ఒకే వేదికపై కలిసి వాయిస్తున్నప్పుడు ఎవరు ఎవరికి ఋణపడి ఉంటారు? వేదిక వెలుపల ఈ ప్రశ్నకు సమాధానం సులభం. పెద్దవారు నేర్పుతారు, చిన్నవారు గౌరవిస్తారు. వేదికపైన మాత్రం ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే లయను నిలబెట్టాలి. అక్కడ వయసు ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. లాటిన్ జాజ్‌లోని తరాంతర సహవాదనాన్ని ఆధారంగా తీసుకొని, సమష్టి కళలో గౌరవానికి, స్వేచ్ఛకు ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

క్లావే: ఎవరి సొత్తూ కాని నియమం

క్యూబాకు బానిసలుగా తరలింపబడిన ఆఫ్రికా ప్రజల లయసంప్రదాయాలు, స్పానిష్ గేయరీతులు కలిసి క్యూబా సంగీతం రూపొందింది. అది న్యూయార్క్ నగరంలో నల్లజాతి అమెరికన్ల జాజ్‌తో మేళవించి లాటిన్ జాజ్ అయింది. 1940లో ఏర్పడిన మచీతో ఆఫ్రో-క్యూబన్స్ బృందాన్ని, ఆ బృందానికి సంగీత నిర్దేశకుడైన మారియో బౌసా 1943లో రూపొందించిన 'టాంగా' రచనను ఈ పరిణామానికి తొలి మైలురాళ్లుగా చెప్పుకుంటారు.

ఈ సంగీతానికి వెన్నెముక క్లావే. రెండు గట్టి కర్రముక్కలను ఒకదానితో ఒకటి తాకించి పలికించే అయిదు దెబ్బల వరుస ఇది. వరుసలోని ఒక సగంలో మూడు దెబ్బలు, మరొక సగంలో రెండు దెబ్బలు ఉంటాయి. ఏ సగం ముందు వస్తుందన్న దానిని బట్టి పాట నడక మారుతుంది. కర్ణాటక సంగీతంలోని తాళంతో దీనిని కొంతవరకు పోల్చవచ్చు. అయితే కచేరీలో తాళాన్ని చేతితో చూపుతారు. క్లావేను చాలా సందర్భాలలో ఎవరూ వాయించరు. అయినా పియానో, బాస్, కాంగా, టింబాలెస్, ఇత్తడి వాద్యాలు అన్నీ దానిని మనసులో నిలుపుకొనే నడుస్తాయి. ఆ నడకకు ఎదురు వాయిస్తే క్లావే 'క్రుసాడో' అయిందంటారు. అంటే అడ్డం తిరిగిందని అర్థం.

దీనిలో ఒక నైతికార్థం ఉంది. ఎనభై ఏళ్ల విద్వాంసుడైనా, ఇరవై ఏళ్ల విద్యార్థి అయినా క్లావే తప్పితే తప్పినట్లే. నియమం పెద్దవారి ఆజ్ఞ నుంచి పుట్టలేదు. వారు దాని కింద ఎక్కువ కాలం బతికారు, అంతే. ఇక్కడ పెద్దరికం అంటే నియమాన్ని శాసించే అధికారం కాక, దానిని చిరకాలం సేవించినందువల్ల వచ్చిన వినికిడి.

రెండు పాక్షిక దృక్పథాలు

సంప్రదాయం విషయంలో రెండు వాదాలు తరచుగా వినబడతాయి. పెద్దలు వాయించినట్లే వాయించడం చిన్నవారి ధర్మమని ఒక వాదం. కొత్త తరానికి దారి విడిచి పక్కకు తొలగడం పెద్దల ధర్మమని మరొక వాదం. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా, ఈ రెండూ సంప్రదాయాన్ని ఆస్తిగానే ఊహిస్తున్నాయి. మొదటిది దానిని పెద్దల చేతిలోనే ఉంచమంటుంది. రెండవది చిన్నవారికి రాసి ఇమ్మంటుంది.

సహవాదనం ఈ ఊహను నిలవనివ్వదు. లయ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే వస్తువు కాదు. అందరూ కలిసి వాయిస్తున్నంత సేపే అది ఉంటుంది. 'గురువును మించిన శిష్యుడు' అనే తెలుగు నానుడి ఉత్తమ ప్రశంసగా చెలామణి అవుతోంది. మించడం అనే కొలత ఒంటరి విద్యకు సరిపోవచ్చు. నలుగురు కూడి నిలబెట్టవలసిన విద్యలో ఎవరు ఎవరిని మించారన్న ప్రశ్నకన్నా, ఎవరు ఎవరికి చోటిచ్చారన్న ప్రశ్న ముఖ్యమవుతుంది.

తప్పిన క్షణం

ఈ విషయం పరీక్షకు నిలిచే సందర్భం ఒకటి ఉంది. యువ పియానో వాద్యకారుడు ఉత్సాహంలో క్లావేకు అడ్డం తిరిగాడనుకుందాం. పక్కనే కాంగా వాయిస్తున్న పెద్దాయన ముందు మూడు మార్గాలు ఉంటాయి. సభలోనే వాదనం ఆపి తప్పు చూపవచ్చు. అప్పుడు సత్యం నిలుస్తుంది, మనిషి చిన్నబోతాడు. లేదా మొగమాటానికి పోయి తప్పు నడకనే అనుసరించవచ్చు. అప్పుడు మనిషి నిలుస్తాడు, సత్యం చిన్నబోతుంది. మూడవది, తన చేతి అలంకారాలను తగ్గించుకొని క్లావే స్పష్టంగా వినబడేటట్లు వాయించవచ్చు. దారి తప్పినవాడు ఆ జాడ పట్టుకొని తిరిగి వస్తాడు.

మూడవ మార్గంలో పెద్దాయన తన ప్రతిభను ప్రదర్శించే అవకాశాన్ని కొంత వదులుకుంటాడు. దిద్దుబాటుకు వెల ఆయనే చెల్లిస్తాడు. అలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా భావించాడు. తగినది తగిన చోట ఉండటమే ఔచిత్యం. ఆ భావనను కావ్యం నుంచి మనుషుల నడవడికి విస్తరిస్తే, ఎదుటివాడు నిలదొక్కుకోవడానికి అవసరమైనంతే వాయించడం కూడా ఔచిత్యమే అవుతుంది.

తప్పు ఏది, కొత్తది ఏది?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. అడ్డం తిరిగిన ప్రతి స్వరమూ తప్పేనని పెద్దలు ఎలా నిర్ణయిస్తారు? మారియో బౌసా 1911లో హవానాలో పుట్టి, శాస్త్రీయ సంగీతంలో శిక్షణ పొంది, న్యూయార్క్‌లో చిక్ వెబ్ జాజ్ బృందంలో పనిచేశాడు. ఆయన క్యూబా లయపై జాజ్ స్వరసంగతులను నిలిపినప్పుడు అది రెండు సంప్రదాయాలలోనూ అలవాటులేని పని. హార్లెమ్‌లో 1923లో పుట్టిన టిటో పుయెంతే యువకుడిగా మచీతో బృందంలో పనిచేసినవాడే. తరువాతి కాలంలో ఆయన టింబాలెస్‌ను వెనుక వరుస నుంచి వేదిక ముందుకు తెచ్చాడు. నిన్న హద్దు దాటినవారే నేటి పెద్దలు.

కాబట్టి అలవాటు ప్రమాణం కాజాలదు. కొత్తదనం తనంతట తానుగా ప్రమాణమూ కాజాలదు. ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రమాణం వేరు: ఒకరు చేసిన మార్పు తరువాత మిగిలినవారు ప్రవేశించడానికి చోటు మిగిలిందా? మిగిలితే అది కొత్త మాట. మిగలకపోతే అది తప్పు, లేదా అహంకారం. ఈ ప్రమాణం పెద్దలకూ వర్తిస్తుంది. యాభై ఏళ్ల కిందటి పద్ధతిని అక్షరం పొల్లుపోకుండా వాయిస్తూ ఎవరినీ లోపలికి రానివ్వని పెద్దాయన క్లావే తప్పకపోయినా సహవాదన ధర్మం తప్పినట్లే.

తీరని ఋణం

లయ ముందు సమానులే అయినా, చరిత్ర ముందు పెద్దలూ చిన్నవారూ సమానులు కారు. పియానో విద్వాంసుడు బేబో వాల్డెస్ 1960లో క్యూబా విడిచి వెళ్లాడు. స్వీడన్‌లో స్థిరపడి దశాబ్దాల పాటు హోటళ్లలో పియానో వాయిస్తూ జీవించాడు. క్యూబాలో ఉండిపోయిన కుమారుడు చూచో 1973లో ఇరాకెరే బృందాన్ని స్థాపించి ప్రపంచ ఖ్యాతి పొందాడు. తండ్రి తిరిగి విస్తృత శ్రోతలను చేరుకోవడం 1994లో వెలువడిన ఆల్బమ్‌తో మొదలైంది. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది.

ఫెర్నాందో త్రుయేబా 2000లో తీసిన 'కాయె 54' చలనచిత్రంలో ఈ తండ్రీకొడుకులు రెండు పియానోలపై 'లా కొంపార్సా' వాయించారు. అది ఎర్నెస్తో లెకువోనా రచన. తండ్రిదీ కాదు, కొడుకుదీ కాదు. ఇద్దరికన్నా పాతదైన ఒక స్వరరచన వారిద్దరికీ చోటిచ్చింది. 2008లో వారు కలిసి చేసిన ఆల్బమ్‌కు తరువాత గ్రామీ పురస్కారం లభించింది.

ఆ కలయిక పోయిన దశాబ్దాలను తిరిగి ఇవ్వలేదు. యువ కళాకారులు నేడు సునాయాసంగా నడిచే దారి, తగిన గుర్తింపు లేకుండా గడిచిన జీవితాల మీదుగా వేసినది. అందువల్ల వృద్ధ కళాకారుణ్ణి వేదికపైకి పిలవడం దయ అనిపించుకోదు. అయితే ఆయనను పిలిచి, పూలమాల వేసి, కష్టమైన భాగాన్ని వాయించనివ్వకుండా పక్కన కూర్చోబెట్టడమూ ఋణం తీర్చడం కాదు. ఆయన పలికిన స్వరవాక్యానికి తన సొంత స్వరంతో బదులు పలకడమే చిన్నవాడు చేయగల నిజమైన నమస్కారం. బదులుకు తగినదిగా ఎంచడమే ఒక కళాకారునికి మరొకరు ఇవ్వగల పెద్ద గౌరవం.

ఉపసంహారం

సహవాదనంలో విధేయతను గౌరవమనలేము. నిర్లక్ష్యాన్ని స్వేచ్ఛ అనలేము. పెద్దవారు చోటివ్వడం, చిన్నవారు బదులివ్వడం అనే రెండు క్రియలలో ఆ రెండు విలువలూ ఒకదానినొకటి నిలబెడతాయి. ఎవరూ వాయించని క్లావేను అందరూ వింటున్నంత కాలం ఇది సాధ్యమవుతుంది. ఒక తరం మరొక తరానికి అప్పగించగలిగినది ఆ వినికిడి. అది కూడా చెప్పడం వల్ల రాదు, పక్కన కూర్చుని కలిసి వాయించడం వల్లనే వస్తుంది.